జలవిద్యుత్ కేంద్రాల దగ్గర పర్యావరణ పరిశీలనలో ఆదివాసీలను కలుపుకుంటే నిజంగా లాభం ఉంటుందా, పేరుకేనా?

ఉంటుంది. చాలా ఉంటుంది. కాకపోతే ఊరివాళ్ల చేత సీసాలు మోయించి దాన్ని భాగస్వామ్యం అనకూడదు. మూడేళ్లు ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

సీలేరు నది దిగువన కొండరెడ్లనే ఆదివాసీల ఊరు ఒకటి. ఏదో కొత్త ప్రాజెక్టు కడితే నది ఎలా మారుతుందో తెలియాలంటే ముందు ఇప్పుడెలా ఉందో రాసిపెట్టాలి కదా, ఆ సర్వేలో నీటి నమూనాలు తీయడం నా పని. నిజానికి ఆ నది తన ఇష్టప్రకారం పారడం మానేసి చాలా కాలమైంది. ఎగువన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. లోయర్ సీలేరు కేంద్రంలో అప్పటికి 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు. సాయంత్రం కరెంటు వాడకం పెరిగినప్పుడు మిషన్లు తిప్పితే కింద నది లేస్తుంది, ఆపితే దిగుతుంది. ఇదంతా నాకు పుస్తకాల్లో తెలుసు. కళ్లతో మాత్రం చూడలేదు. మా జీపు పదకొండింటికి వచ్చి రెండింటికల్లా వెళ్లిపోయేది మరి.

మాకు దారి చూపించే తాత ఒకరోజు నా చేతిలో సీసా చూసి, "ఈ ఏలప్పుడు నీళ్లు బాగానే ఉంటాయి బాబూ. తెల్లారగట్ల రా, సూపిత్తాను" అన్నాడు. ఆ రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాను. చీకటి విడకముందే లేపాడు. రాత్రి మోకాలి ఎత్తున లేచిన నీళ్లు దిగిపోయాయి, బండల మీద తడి గీత ఇంకా ఆరలేదు. బండల మధ్య గుంటల్లో వేలెడు కూడా లేని చేపపిల్లలు నోళ్లు పైకెత్తి కొట్టుకుంటున్నాయి. తాత ఒక సత్తుగిన్నెతో వాటిని తోడి నదిలో పోస్తున్నాడు. రోజూ చేసే పని కాబోలు, నాతో మాట్లాడుతూనే ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోతున్నాడు.

నేను ఆ గుంట నీళ్లు సీసాలో పట్టి మందులు కలిపాను. ఆక్సిజన్ బాగా ఉంటే అడుగున ముదురు గోధుమరంగు ముద్ద దిగుతుంది. మధ్యాహ్నం తీసిన ప్రతిసారీ అలాగే దిగేది. ఆ తెల్లవారుజామున పాలిపోయిన రంగు. ఎండ ఉన్నప్పుడు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా పీల్చుకుంటుంది. పైగా అది నీళ్లు కదలని గుంట. ఇన్నాళ్లూ నదికి ఒంట్లో బాగున్న గంట చూసి మేం నాడి పట్టుకుంటున్నామన్నమాట.

ఇదంతా రిమార్కుల గడిలో రాశాను. హెడ్డాఫీసులో తీసేశారు. ఫార్మాట్‌లో లేదట. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పైగా నివేదిక మొత్తం ఇంగ్లీషు. ఎవరి నది గురించి రాశారో వాళ్లకు ఒక్క పేజీ కూడా అర్థం కాదు. తెలుగులో నాలుగు పేజీలు రాయడానికి ఎవరికి ఏం బరువో నాకు అర్థం కాదు.

కుదరదనేవాళ్లకు కెనడా సంగతి చెబుతాను. మానిటోబాలో నెల్సన్ నది మీద 695 మెగావాట్ల కీయాస్క్ కేంద్రంలో అక్కడి ఆదివాసీలైన క్రీల నాలుగు సమూహాలు భాగస్వాములు. శాస్త్రవేత్తల పరిశీలన ఒకటి, క్రీ ప్రజలు తమ సంప్రదాయ జ్ఞానంతో చేసేది ఇంకొకటి, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. క్యూబెక్‌లో జేమ్స్ బే జలాశయాల కింద అడవి మునిగాక చేపల్లో పాదరసం పెరిగింది. ఆ చేపలు తిని బతికే క్రీలకే అది పెద్ద దెబ్బ. 1986లో ఒక్క పాదరసం గురించే ప్రత్యేకంగా ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ఏ చేప ఏ కాలంలో ఎంత తింటారో తినేవాళ్లు చెప్పకుండా ఏ ల్యాబు చెబుతుంది?

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 నీటి వనరుల్ని, పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. నమూనా ఏ వేళ, ఎక్కడ తీయాలో గ్రామసభ తీర్మానం చేస్తే కాదనడానికి నాకైతే ఒక్క కారణం కూడా కనిపించదు.

మీరు అలాంటి సర్వేలో చేరబోతున్నట్టు రాశారు. చేరేముందు వాళ్ల ఖర్చుల ఓచర్లు ఒకసారి చూడండి. ఆ తెల్లవారుజాముకి తాత పేరు మీద మా వాళ్లు రాసిన ఓచరులో "సామాను మోత కూలి, ఒక రోజు" అని ఉంది. వేలిముద్ర వేయించింది నేనే.