వాపు తగ్గింది సరే, మోకాలు ఎందుకు జారింది?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాను, ఏడాదిగా జియు-జిట్సు నేర్చుకుంటున్నాను. మూడు వారాల క్రితం జూడోలోని సెయొయి నాగే త్రో (ఎదుటివాణ్ణి వీపు మీదికి ఎత్తి భుజం మీదుగా విసరడం) వేద్దామని తిరిగేసరికి పార్ట్‌నర్ వెనక నుంచి నడుం పట్టుకుని కిందికి కూర్చుండిపోయాడు. బరువంతా నా కుడి మోకాలి మీద పడి టక్కుమంది, రాత్రికి బాగా వాచింది. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు తెచ్చుకుని 12 రోజులు వాడితే తగ్గింది. మొన్న దుర్గ గుడి మెట్లు దిగుతుంటే ఒకసారి మోకాలు జారినట్టయింది. ప్రాక్టీస్‌కి వేసుకునే మందపాటి జాకెట్ లేకుండా ఆడేటప్పుడు ఈ త్రోకి పట్టు ఎక్కడ పట్టాలి? మోకాలికి ఏ క్యాప్ మంచిది? జపాన్ జూడో ఆటగాడు యమషిటా కాలి గాయంతోనే ఒలింపిక్స్ గెలిచాడు కదా, నేను ప్రాక్టీస్ మొదలుపెట్టొచ్చా?

జవాబు: పట్టు సంగతి మీ కోచ్‌ని అడగండి, అది నా సబ్జెక్టు కాదు. టక్కుమనడం, గంటల్లోనే వాచడం, తర్వాత మెట్ల మీద జారడం, ఈ మూడూ ఒకే మోకాలికి జరిగితే మా డాక్టర్లం మొదట అనుమానించేది ఏసీఎల్ లిగమెంట్‌నే, అంటే మోకాలి లోపల పై ఎముకని, కింది ఎముకని కలిపి పట్టి ఉంచే తాడు లాంటిది. చూడకుండా తెగిందని చెప్పలేను, ఉత్త బెణుకే కావచ్చు కూడా. కానీ అంత త్వరగా వాచిందంటే చాలాసార్లు లోపల రక్తం చేరినట్టే.

యమషిటా మాట బాగానే గుర్తుంచుకున్నారు. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఆయనకి దెబ్బతిన్నది పిక్క కండరం. కండరం చాలావరకు అతుక్కుంటుంది, ఏసీఎల్ పూర్తిగా తెగితే చాలామందిలో దానంతటది అతుక్కోదు.

నాకు కోపం తెప్పించింది ఆ 12 రోజుల మాత్రలు. సూర్యారావుపేటలో ఏ సందులోకెళ్లినా ఆర్థో బోర్డు కనపడే ఊళ్లో ఉండి, మందుల షాపు కుర్రాడి మాట మీద నడిపించేశారు! కడుపులో మంట, కిడ్నీల మీద భారం ఎలాగూ ఉన్నాయి, అంతకంటే నష్టం ఏంటంటే నొప్పి తెలియకపోవడంతో నయమైందనుకుని కొండెక్కారు. ఇలా జారిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్, అదే మీరంతా గుజ్జు అంటారే, అది నలిగే ప్రమాదం ఉంటుంది. లిగమెంట్ ఒక్కటే పోయినవాళ్లు ఆరు నెలలు ఆగి గుజ్జు కూడా పాడుచేసుకుని రావడం నేను చాలా చూశాను. మధ్యలో ఎవరో చెప్పారని నాటు కట్టు కట్టించుకుని, నూనెతో రుద్దించుకుని వచ్చేవాళ్లు వేరే.

ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. పడుకోబెట్టి మోకాలు కొంచెం వంచి కింది ఎముకని ముందుకి లాగి చూస్తారు, నిమిషం పని, చాలా సంగతి అక్కడే తెలుస్తుంది. ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ. తెగిందని తేలినా అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొందరికి ఫిజియోథెరపీతో సరిపోతుంది, కానీ మళ్లీ మ్యాట్ మీదికి వెళ్లాలనుకుంటే ఆ లెక్క వేరు. ఆపరేషన్ అయితే కుస్తీ లాంటి ఆటలకి కనీసం 9 నెలలు. అప్పటిదాకా త్రోలు వద్దు, ఎవరైనా వేస్తే పడటం కూడా వద్దు.

మోకాలు వంగిన చోటే పట్టేసి చాపలేకపోయినా, పిక్క వాచి నొప్పెట్టినా, పాదం మొద్దుబారినా ఈ వారం అనుకోకుండా ఆ పూటే హాస్పిటల్‌కి వెళ్లండి. క్యాప్ సంగతి రిపోర్టు వచ్చాక చూద్దాం.