బూటు లోపలి తడి చెమట కావొచ్చు

తమ్ముడూ, నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతానికి వెళ్లొచ్చేసరికి వాటర్‌ప్రూఫ్ బూట్లలో సాక్సులు తడిసిపోయాయని, షాపువాడు మోసం చేశాడని రాశావు. తొందరపడకు. బూటులో పాత పేపర్ కుక్కి, చీలమండ కిందివరకే మునిగేలా బకెట్ నీళ్లలో అరగంట పెట్టు. పేపర్ పొడిగా ఉంటే అది నీ చెమటే. లోపలి పొర నీళ్లను ఆపుతుంది కానీ ఆవిరిని మెల్లగానే వదులుతుంది. నల్లమల ఉక్కపోతలో అంత చెమట బయటికి పోదు. కాటన్ సాక్సులు మానేసి ఉన్నివో సింథటిక్‌వో వేసుకో. ఇంటికొచ్చాక ఇన్‌సోల్ తీసి నీడలోనే ఆరబెట్టు. మిద్దె మీద మండుటెండలో పెడితే జిగురు వదిలేస్తుంది, నా మొదటి జత అట్లాగే పోయింది. వాగులో పైనుంచి నీళ్లు దూరితే మాత్రం ఏ బూటూ ఆపలేదు. అందుకే చైత్ర పౌర్ణమికి నల్లమలలోనే జరిగే సలేశ్వరం జాతరకు పోతే నేను మామూలు జాలీ (వలలాంటి గుడ్డ) బూట్లే వేసుకుంటాను.