ముజఫర్‌పూర్ వెళ్తున్న అమ్మాయికి

తల్లీ,

కాలా అజార్, అదే ఈగ కుట్టి పరాన్నజీవిని ఎక్కించే ఆ జ్వరం, దాని ప్రాజెక్టులో చేరి బీహార్‌లోని ముజఫర్‌పూర్ వెళ్తున్నావట, మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. నాకైతే ముందు గర్వంగా అనిపించింది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నిండు చేతుల బట్టలు, చీకటి పడితే జాగ్రత్త, ఇవన్నీ నీకు తెలిసినవే. దోమతెర మాత్రం ఇంట్లోది పట్టుకెళ్లకు. ఆ జబ్బుని మోసే ఈగ శాండ్‌ఫ్లై మహా అయితే మూడు మిల్లీమీటర్లు, మామూలు తెర కన్నాల్లోంచి హాయిగా దూరిపోతుంది, పైగా చప్పుడు చెయ్యదు. సన్న కన్నాలది, మందు పట్టించినది కొనుక్కో.

ఈగలు పట్టడానికి పొద్దున్నే గొడ్ల కొట్టంలోకి వెళ్లి మట్టిగోడ బీటల దగ్గర టార్చి వెయ్యి. రెక్కలు రెండూ పైకి లేపి ‘వి’ ఆకారంలో పెట్టుకుని కూర్చుంటుంది. ఈగని పీల్చి పట్టే గొట్టం దగ్గరికి తేగానే దూరం ఎగిరిపోదు, చిన్న గంతు వేసి పక్కనే వాలుతుంది, నువ్వు కంగారుపడితే ఇక దొరకదు. నీటి గుంటలు వెతుకుతూ తిరగకు, ఇది దోమ కాదు, పేడా చెత్తా కలిసిన చెమ్మమట్టిలో పెరుగుతుంది.

నా అసలు భయం వేరే. 1950ల్లో మలేరియా కోసం ఇళ్ల గోడలకి డీడీటీ కొట్టారు. ఈ ఈగని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు, కానీ అదీ ఆ గోడల మీదే వాలుతుంది కదా, చచ్చింది. కాలా అజార్ దాదాపు మాయమైతే పీడ వదిలిందనుకున్నారు, స్ప్రే ఆపేశారు. 1970ల్లో మళ్లీ ఈగ వచ్చింది, ఈగతో జబ్బూ వచ్చింది. 1977 నాటికి బీహార్‌లో ఎపిడెమిక్! ఇన్నాళ్లూ పరాన్నజీవి ఎక్కడ దాక్కుందంటావు? ముఖ్యంగా అనుమానించేది జబ్బు నయమైన వాళ్ల చర్మాన్నే. 2023 చివరికి ప్రతి బ్లాకులోనూ ఏడాదికి 10,000 మందికి ఒక కేసు కూడా లేని స్థాయికి తెచ్చారు, సంతోషమే, కానీ నా టెన్షన్ అంతా ఆ అంకె చూసే, అప్పట్లాగే పీడ వదిలిందనుకుని మళ్లీ వదిలేస్తారేమోనని.

జ్వరం తగ్గిన ఏడాదికో రెండేళ్లకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, మొహం మీద తెల్ల మచ్చలొస్తాయి. నొప్పి ఉండదు, మనిషి పనికి వెళ్తూనే ఉంటాడు, కానీ ఆ చర్మం మీద కుట్టిన ఈగ పరాన్నజీవిని పట్టుకుపోగలదు. గడప దగ్గర నిలబడి “జ్వరం ఉందా” అని అడిగి వచ్చేస్తే వీళ్లు నీకెప్పటికీ దొరకరు. “ఇంతకుముందు కాలా అజార్ వచ్చిందా” అని అడుగు, మచ్చ మీద స్పర్శ చూడు. కుష్ఠులో పోయినట్టు ఇందులో పోదు. కాలా అజార్ రక్తపరీక్షకి వాడే ఆర్‌కె39 స్ట్రిప్ ఒక్కటే నమ్మకు, నయమైన వాళ్లలోనూ ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. పెళ్లి కావలసిన ఆడపిల్లలు కొంగు చాటున మచ్చలు దాచుకుంటారు, మగవాళ్లెవరైనా వెళ్లి అడిగితే వాళ్లు చెప్పరు. నీకు చెప్తారు. నువ్వు వెళ్లడం నాకు ఇష్టమైంది అందుకే.

ఇంకోటి, నీకే జ్వరమొచ్చి తగ్గకపోతే పారాసెటమాల్ మింగి ఫీల్డ్‌కి పోకు. ఆ మొండితనం మీ నాన్నది, నీకూ వచ్చింది. పరీక్ష చేయించుకో, నా దగ్గర దాచావో వచ్చి చెవి మెలేస్తా. నీకు ఏ బ్లాకు ఇచ్చారో దిగగానే మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న