ఫోర్‌డీ షోలు తయారుచేసే పని నేర్చుకుంటానంటోంది, ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మావారికి ఆటోనగర్‌లో హైడ్రాలిక్ జాకీలు, పంపులు రిపేరు చేసే షెడ్డు ఉంది. అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. వేసవిలో దుబాయ్‌లో వాళ్ల మేనమామ దగ్గరికి వెళ్లి, అక్కడ ఒక పార్కులో సీట్లు ఊగుతూ మొహాన నీళ్లు చల్లే ఫోర్‌డీ సినిమా చూసొచ్చింది. అప్పట్నుంచి సీఎస్‌ఈ వద్దు, అలాంటివి తయారుచేసే పని నేర్చుకుంటానని ఒకటే గోల. అసలదొక ఉద్యోగమేనా? ఆడపిల్లకి కుదురుతుందా? ఎక్కడ చేర్చాలి?

జవాబు: ఉద్యోగమేనమ్మా. సినిమా పిచ్చిలో పడిందేమోనని మీ టెన్షన్ అయితే అది పక్కన పెట్టేయండి. ఆ హాల్లో తెర మీద బొమ్మ ఒకసారి తయారైతే ఏళ్ల తరబడి అదే ఆడుతుంది, దాన్ని మళ్లీ ముట్టుకునేవాళ్లు తక్కువ. రోజువారీ చాకిరీ అంతా సీటు కింద ఉంటుంది, అక్కడున్నది గాలి, నీళ్లు, కరెంటు, మోటార్లు. అంటే మీవారి షెడ్డుకి దగ్గరి చుట్టమే అనుకోండి.

తెర మీద పాము బుస్సుమనగానే మెడ వెనక గాలి తగిలి జనం కెవ్వుమంటారు కదా, దాని సరంజామా చూస్తే నవ్వొస్తుంది. సీటుకి బిగించిన చిన్న నాజిల్, దానికో సన్నటి నీలం ట్యూబు, మధ్యలో అరచేతిలో పట్టే, కరెంటు ఇస్తే తెరుచుకునే సోలనాయిడ్ వాల్వు, ఎక్కడో గోడవతల కంప్రెసర్. ఇవన్నీ ఆటోనగర్‌లో దొరికేవే. కష్టమంతా టైమింగులో ఉంది. వాల్వు తెరుచుకుని, గాలి ట్యూబులోంచి వచ్చి మెడకి తగిలేసరికి సెకనులో కొంత భాగం గడిచిపోతుంది, కాబట్టి పాము నోరు తెరవకముందే సిగ్నల్ బయల్దేరాలి. బొమ్మతో పాటు టైమ్‌కోడ్ అని ఒక గడియారం నడుస్తుంటుంది, ఫలానా ఫ్రేము దగ్గర ఫలానా వాల్వు, ఫలానా లైటు, ఫలానా సీటు కదలిక అని ముందే రాసిపెడతారు. ఈ పనిని షో కంట్రోల్ అంటారు. మీ అమ్మాయి మనసు పడింది ఎక్కువగా దీనిమీదే అని నా అనుమానం.

1994లో ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ అనే తమ పార్కులో డిస్నీ వాళ్లు 'హనీ, ఐ ష్రంక్ ది ఆడియన్స్' అనే షో పెట్టారు. తెర మీంచి ఎలుకలు గుంపుగా హాల్లోకి దూకినట్టు కనిపించే క్షణంలోనే ప్రేక్షకుల కాళ్ల దగ్గర ఏదో పాకినట్టయ్యేది, జనం కాళ్లు పైకెత్తేసేవాళ్లు. సీటు కింద గాలికి పటపటా కొట్టుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, అంతకన్నా ఏం లేదు. సీటు ఊగడంలో ఇంకా తెలివుంది. సీటు నిజంగా జానెడో మూరెడో తప్ప కదలదు. తెర మీద బండి ముందుకి దూకే సమయానికి సీటుని మెల్లగా వెనక్కి వంచుతారు, అప్పుడు మన బరువే మనల్ని వెనక్కి లాగుతుంది, మెదడు దాన్ని వేగం అనుకుంటుంది. తర్వాత మనం పసిగట్టలేనంత నెమ్మదిగా సీటుని మళ్లీ మామూలు స్థితికి తెస్తారు. పైలట్లకి శిక్షణిచ్చే సిమ్యులేటర్ల విద్య ఇది, 1987లో డిస్నీలాండ్‌లో మొదలైన స్టార్ టూర్స్ రైడు అక్కణ్నుంచే తెచ్చుకుంది. లెక్క తప్పితే, కంటికి కనిపించేదీ చెవి లోపలి బ్యాలెన్సు చెప్పేదీ పొసగక జనం వాంతులు చేసుకుంటారు. ఫిజిక్సులో టార్కు, యాక్సిలరేషన్ అని చదివి పరీక్ష కాగానే మర్చిపోయే చాప్టర్లు ఉన్నాయే, ఇక్కడ జీతమిచ్చేవి అవే.

వాసనలది వేరే తలనొప్పి. వదలడం తేలిక, తర్వాతి సీను వచ్చేలోపు దాన్ని బయటికి లాగేయడమే కష్టం. వాసన, గాలి, సీటు వణుకు కలిపి మోర్టన్ హైలిగ్ అనే ఆయన సెన్సోరమా అనే పెట్టెకి 1962లోనే పేటెంటు తీసుకున్నా, డబ్బు పెట్టేవాళ్లు దొరక్క అది ముందుకి సాగలేదు. అన్నట్టు మన ఎగ్జిబిషన్లలో 7డీ, 9డీ, 12డీ అని బోర్డులుంటాయి చూడండి, ఆ అంకెలకి ఏ లెక్కా లేదు, ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటారు.

ఇక చదువు సంగతి. 'థీమ్ పార్క్ ఇంజనీరింగ్' అని ఎవరైనా లక్షలు అడిగి సర్టిఫికెట్ ఇస్తామంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. మామూలు ఈఏపీసెట్ రాయించి, వెబ్ ఆప్షన్లలో మొదట ట్రిపుల్ఈ గానీ ఈసీఈ గానీ పెట్టించండి. మెకానికల్ కూడా మంచిదే. మెకట్రానిక్స్, రోబోటిక్స్ అని కొత్త పేర్లు పెట్టిన బ్రాంచిల్లో మాత్రం ల్యాబు కళ్లారా చూశాకే చేరండి, తాళం వేసిన ల్యాబులు బోలెడున్నాయి. సీఎస్‌ఈ వచ్చినా కొంప మునిగిందేమీ లేదు, షో కంట్రోల్‌కి ప్రోగ్రామింగూ కావాలి. ఏ బ్రాంచి అయినా పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపించే చిన్న కంప్యూటరు), మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లు, న్యూమాటిక్స్ అంటే గాలితో నడిచే యంత్రాల డ్రాయింగు చదవడం, ఈ మూడూ రాకపోతే ఇంటర్వ్యూలో నిలవదు. కథ, సెట్టు, జనాన్ని ఎలా నడిపించాలి అనే వైపు ఆసక్తి ఉంటే మన గుంటూరు జిల్లాలోనే ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, నాలుగేళ్ల బీడిజైన్, దానికి డాట్ అనే వేరే ప్రవేశపరీక్ష. బొమ్మలు వేయడం వచ్చా రాదా అన్నది ముందు చూసుకోండి.

ఉద్యోగాలు విజయవాడలో దొరకవు, ఇది దాచను. దగ్గర్లో అంటే హైదరాబాద్. రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది, 2016లో తెరిచిన వండర్‌లా ఉంది, వండర్‌లా వాళ్లు కొన్ని రైడ్లు సొంతంగానే తయారుచేసుకుంటారు. గల్ఫ్‌లో అయితే దుబాయ్ మోషన్‌గేట్, అబుదాబి వార్నర్ బ్రదర్స్ వరల్డ్ లాంటివి. ఈ యంత్రాలు తయారుచేసే కంపెనీలు ఎక్కువగా బయటే, ఇంగ్లండ్‌లో సిమ్‌వర్క్స్, కెనడాలో ట్రయోటెక్, తైవాన్‌లో బ్రోజెంట్. మొదటి ఉద్యోగం డిజైనులో రాదు, మెయింటెనెన్సులో వస్తుంది. పార్కు గేటు తెరవకముందే వెళ్లి ప్రతి బెల్టూ లాగి చూడాలి, ప్రతి వాల్వూ వినాలి. ఆదివారాలూ సంక్రాంతీ వేసవి సెలవులూ ఇంట్లో ఉండదు, అందరికీ సెలవైనప్పుడే వీళ్లకి పని. ఈ సంగతి మీరూ తనూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. రెండేళ్లు చేశాక నచ్చకపోతే? అదే పీఎల్‌సీ పనికి మందుల ఫ్యాక్టరీల్లో, కార్ల ప్లాంట్లలో గిరాకీ ఉంటుంది, చదివింది బూడిదలో పోసినట్టవదు.

ఆడపిల్లకి కుదురుతుందా అన్నారు. కుదురుతుంది. షిఫ్టులు, హాస్టలు, రాత్రి రవాణా ఏంటని కంపెనీని అడగండి, మగపిల్లాడైనా నేను అదే అడగమంటాను.

ఇప్పుడు కోచింగులకి డబ్బు తగలేయకండి. పరీక్షలయ్యాక రెండు నెలలు వాళ్ల నాన్న షెడ్డుకి పంపండి. కాలిఫోర్నియాలో 2001లో మొదలైన సోరిన్ రైడులో జనాన్ని సీట్లతో సహా గాల్లోకి ఎత్తే ఏర్పాటుకి మొదటి నమూనాని మార్క్ సమ్నర్ అనే ఇంజనీరు పిల్లలు ఆడుకునే ఇనప పట్టీల సెట్టుతో ఇంట్లోనే కట్టాడు. మీ అమ్మాయికి షెడ్డే ఉంది. ఒక పాత కుర్చీ, 24 వోల్టుల వాల్వులు రెండు, ఆర్డ్యునో అనే చిన్న కంట్రోల్ బోర్డు ఒకటి, లైట్లు నడిపే క్యూఎల్‌సీ ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, తనే ఫోన్లో తీసిన నిమిషం వీడియో. ఆ వీడియోకి గాలీ లైటూ ఫ్రేము తేడా లేకుండా తగిలేలా చేయమనండి. కంప్రెసర్‌కి రెగ్యులేటర్ పెట్టి గాలి ఒత్తిడి బాగా తగ్గించాలి, నాజిల్ కళ్లవైపు చెవులవైపు ఉండకూడదు, మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వాళ్ల నాన్న పక్కనుండాలి. వారం తిరక్కుండా విసుగొచ్చి వదిలేస్తే సీఎస్‌ఈని ఆప్షన్లలో పైకి జరపండి. పదోసారి, ఇరవయ్యోసారి కూడా టైమింగు సరిచేస్తూ అన్నానికి పిలిచినా రాకపోతే ట్రిపుల్ఈ ఫీజు కట్టేయండి.