మొక్కు తీరనప్పుడు దేవుడి మీద నమ్మకం ఎలా నిలుస్తుంది? నా అనుభవం

మీ నాన్నగారి ఆరోగ్యం కోసం మొక్కని దేవుడు లేడని, అయినా ఆయన దక్కలేదని, ఇప్పుడు దీపం పెట్టబోతే చెయ్యి ముందుకు రావడం లేదని రాశారు. నమ్మకం పోయినట్టేనా, నిలబెట్టుకోవాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు. నాకు శాస్త్రాలు తెలియవండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. చనిపోయినవాళ్లు దానం చేసిన అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో, కిడ్నీ కోసం పేరు నమోదు చేయించాం. ఎప్పుడు ఫోన్ వస్తుందోనని రాత్రిళ్లు కూడా తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేవాళ్లం. ఆ రోజుల్లోనే మెహదీపట్నంలో బస్సెక్కి చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లాను. అక్కడ కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు, అది తీరాక మళ్లీ వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా అంకెలు అచ్చువేసిన కార్డు మీద ఒక్కో చుట్టుకీ పెన్నుతో టిక్కు పెట్టుకుంటారు. నేను ఆ రోజే 108 అంకెల కార్డు కూడా తెచ్చి పర్సులో దాచుకున్నాను. అంత గట్టిగా నమ్మాను.

ఫోన్ రాలేదు. ఇన్ఫెక్షన్ వచ్చింది. తొమ్మిది రోజుల్లో ఆయన వెళ్లిపోయారు.

ఆ తర్వాత పరామర్శకు వచ్చినవాళ్ల మాటలు నన్ను చాలా కుంగదీశాయి. ఒకావిడ "ఏ జన్మలో ఏం చేసుకున్నావో తల్లీ" అన్నారు. ఇంకొకాయన "ఆ పదకొండూ నిష్ఠగా చేశావా, మధ్యలో ఆగలేదు కదా?" అని అడిగారు. ఆగాను. ఏడో చుట్టులో ఒక పిల్లాడు తప్పిపోయి ఏడుస్తుంటే వాళ్లమ్మని వెతికి అప్పగించాను. అందుకేనా అని నెలల తరబడి నాలో నేనే తవ్వుకున్నాను. మీతో కూడా ఎవరైనా ఇలాంటి మాటలు అని ఉంటే దయచేసి మనసులోకి రానివ్వకండి. పిల్లాణ్ణి తల్లి దగ్గరికి చేర్చినందుకు మనిషి ప్రాణం తీసే దేవుడికి నేనెప్పుడూ దణ్ణం పెట్టలేదు.

ఇక దీపం సంగతి. చావు జరిగిన ఇంట్లో మైల తీరేదాకా దేవుడి దగ్గర దీపం పెట్టం. ఏడాది తిరిగేదాకా పండగ చేసుకోం, చాలామంది కొండ మీది గుళ్లకు కూడా వెళ్లరు. పెళ్లికి ముందు మా పుట్టింట్లో ఇదంతా శిక్షలా అనిపించేది. ఇప్పుడు మాత్రం, ఏడ్చేవాళ్లని తొందరపడి దేవుడి ముందు నిలబెట్టకూడదని పెద్దలకు తెలిసే పెట్టారేమో అనిపిస్తుంది. మీ నాన్నగారు పోయి నాలుగు నెలలే అంటున్నారు. చెయ్యి రాకపోతే రానివ్వండి.

మైల తీరాక కూడా నేను దేవుడి గది గడప దాటలేదు. మా అత్తమ్మే దీపం పెట్టేది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి ఆమె. ఒకరోజు ఉండబట్టలేక "ఇంకా ఏం మిగిలిందని మొక్కుతున్నావత్తమ్మా?" అని కోపంగానే అడిగాను. "మొక్కుతలేను బిడ్డా. వాని ముచ్చట చెప్తున్న. మీ ముందట వాని పేరు తీస్తే మీకు ఏడుపొస్తది. నేనింక ఎవరికి చెప్పుకోవాలె?" అంది. మర్నాడు తలుపు చాటున నిలబడి విన్నాను. నిజమే. చిన్నప్పుడు ఆయన జ్వరంలో మామిడికాయ కావాలని మారాం చేసిన సంగతి, మొదటి జీతంతో తెచ్చిన చీర రంగు, అన్నీ వరసగా చెబుతోంది.

నేనూ గడప దగ్గర నిలబడటం మొదలుపెట్టాను. నాకు వచ్చింది ముచ్చట కాదు, తిట్లు. అలా తిట్టడం పాపమేమోనని టెన్షన్ పడేదాన్ని. పిల్లలతో గోల్కొండ వెళ్లినప్పుడు రామదాసు బందీఖానా ముందు చాలాసేపు నిలబడిపోయాను. అందులో ఆయన పన్నెండేళ్లు ఉన్నాడంటారు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఎన్ని వరహాలయ్యాయో లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానయ్యా, ఏమనుకోకు అన్నాడు. ఆ తిట్టూ, ఆ బతిమాలటమూ ఒకే పాటలో ఉన్నాయి. దాన్ని మనం ఇవాళ్టికీ దేవుడి ముందే కూర్చుని పాడుకుంటున్నాం. ఇంటికొచ్చాక నా భయం చాలావరకు పోయింది.

ఇంకొకటి. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు, ఉజ్జయినిలో సైన్యంతో ఉన్న సూరిటి అప్పయ్య, రోగం తగ్గితే సికింద్రాబాద్‌లో మహంకాళి అమ్మవారిని నిలుపుతానని మొక్కుకున్నాడట. 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. మొక్కు తీరిన కథగానే దీన్ని చెప్పుకుంటాం. కానీ ఆ కలరాలో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి కదా. వాళ్లూ మొక్కుకునే ఉంటారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు బోనం ఎత్తకుండా ఊరుకున్నారని నాకు అనిపించదు. బోనాల రోజు ఆ లైన్‌లో తలమీద కుండతో నిలబడ్డవాళ్లని చూస్తే, వీళ్లలో ఎందరి మొక్కులు తీరకుండానే ఉన్నాయో అనుకుంటాను. మన నమ్మకాన్ని తీరిన మొక్కులు ఒక్కటే ఇంతకాలం మోసి ఉండవు.

నిద్ర, తిండి బొత్తిగా పోతే మాత్రం దేవుడి సంగతి పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేనూ కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కి వెళ్లాను.

రెండేళ్ల తర్వాత మళ్లీ చిలుకూరు వెళ్లాను. ఏమీ అడగలేదు. నా ముందు నడుస్తున్న అమ్మాయి చేతిలో కార్డు చెమటకు నాని చిరిగిపోయింది. ఎక్కడిదాకా వచ్చిందో తెలియక నిలబడిపోయింది. వాళ్ల చెల్లెలికి ఆపరేషన్ బాగా జరిగిందట, ఆ మొక్కు తీర్చడానికి వచ్చింది. పర్సులోంచి నా కార్డు తీసి ఇచ్చాను. అరవై రెండు అయినట్టు గుర్తుందంటూ గబగబా అంతవరకూ టిక్కులు పెట్టుకుంది. మిగతా చుట్లు ఇద్దరం కలిసే నడిచాం.