ఆ డాబా ఎవరిది?

రాజమహేంద్రవరం నుంచి ఒక పెద్దాయన రాశారు. వయసు 62. బ్యాంకు మేనేజరుగా రిటైరై రెండేళ్లుగా డాబా మీద తోట పెంచుతున్నారు. "చలికాలంలో మొక్కల మధ్య ఉండే ఆనందం ఇంకెక్కడా దొరకదు. కానీ ఈసారి చామంతులు మొగ్గే వేయలేదు. అంతకంటే బాధ ఏమిటంటే, ఒకప్పుడు మొక్కలంటే ప్రాణం పెట్టే నా భార్య ఇప్పుడు డాబా మెట్లు ఎక్కడం లేదు. డిప్రెషనేమో, డాక్టరుకు చూపించాలా? తనలో మళ్ళీ ఆసక్తి ఎలా కలిగించాలి?" అని అడుగుతున్నారు.

అయ్యా, ముందు చామంతుల సంగతి తేల్చేద్దాం. డాబా మీద పెద్ద ఎల్‌ఈడీ లైటు పెట్టించానని, రాత్రి పది దాకా వెలుగుతుందని మీరే రాశారు. పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ వేస్తుంది. పూలు ఆలస్యంగా రావాలనుకునే రైతులు పనిగట్టుకుని తోటలో బల్బులు వేలాడదీస్తారు. మీరు తెలియక అదే చేశారు. లైటు తీసేయండి, అంతే.

ఇక మీ భార్యగారు. రోజూ సాయంత్రం పక్కింటి డాబా మీద గంటసేపు ఉండి వస్తారని, రాగానే కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటారని ఉత్తరంలో ఓ మూల రాశారు. గోళ్ల నిండా మట్టితో తిరిగొచ్చే మనిషికి డిప్రెషనేమిటండీ?

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండేళ్ల కిందటి దాకా ఆ తోట ఆవిడది. పగిలిన బకెట్లు, పెయింటు డబ్బాలు, ఓ పాత డ్రమ్ము. మీరు రిటైరై వచ్చి దాన్ని "ఒక పద్ధతిలో" పెట్టారు. డబ్బాలు పాత సామాన్లవాడికి పోయాయి, గ్రో బ్యాగులు వరస కట్టాయి, ఏ మొక్కకు ఎన్ని నీళ్లో నోట్‌బుక్కులోకి ఎక్కింది. ఆదివారం వస్తే కడియం వెళ్లి మొక్కలు తెచ్చారు. ఒక్కసారైనా ఆవిడను తీసుకెళ్లారా? రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటాను.

అసలు దెబ్బ చిక్కుడు పాదు దగ్గర తగిలింది. "ఆకులు తప్ప పూత లేదు. నిరుడు అక్టోబరులో పీకేసి క్యాబేజీ పెట్టాను, తను కొంచెం నొచ్చుకుంది" అని ఒక్క ముక్కలో దాటేశారు. చలి పడనివ్వండి, అదే పూస్తుంది అని ఆవిడంటే మీరు నవ్వారు. ఆవిడ చెప్పిందే నిజం. నాటు పందిరి చిక్కుడు వానల్లో ఆకు వేస్తుంది, పొద్దు తగ్గాకే పూతకొస్తుంది. ఒకసారి కాపు అందుకుంటే మాఘం దాకా కాస్తూనే ఉంటుంది. అది పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం, ఏటా బూడిద కలిపి మూటగట్టి దాచుకున్నది. పోయిన రథసప్తమికి పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు బజారులో కొనాల్సి వచ్చిందని కూడా మీరే రాశారు, ఆకుల ధర గురించి చెబుతూ!

ముప్ఫై ఏళ్లకు పైగా మీకు క్యారేజీ కట్టి, పిల్లల్ని సాగనంపాక ఆవిడకు తనదంటూ మిగిలింది ఆ నాలుగు డబ్బాలే. బ్యాంకులో ఖాళీ చేసిన కుర్చీని మీరు తెచ్చి డాబా మీద వేసుకున్నారు. కటువుగా అంటున్నానా? మా నాన్నగారు రిటైరయ్యాక వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్లు అతికించారు. మా అమ్మ ఆర్నెల్లు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది.

ఆసక్తి కలిగించడం అనే మాట వదిలేయండి. సగం డాబా నీకిస్తానని కూడా అనకండి, అది మీరిచ్చేది కాదు. చిక్కుడు పీకడం నా తప్పు అని చెప్పండి. ఎందుకు పీకారో మళ్ళీ వివరించకండి. ఆ తర్వాత ఆవిడ ఏం పెట్టమంటే అది, ఎక్కడ పెట్టమంటే అక్కడ. మట్టి మోయండి, నీళ్లు పట్టండి. ఇప్పుడు చల్లినా మెంతికూర సంక్రాంతికి చేతికొస్తుంది. ధనియాలు నలిపి చల్లాలని మీకు తెలిసినా ఆవిడనే అడగండి. వెంటనే పైకి రాకపోతే నస పెట్టకండి. రెండేళ్ల అలక రెండు రోజుల్లో తీరదు.

చిక్కుడు విత్తనం పోయిందన్న బెంగ మాత్రం వద్దు. మన ఆడవాళ్లు విత్తనాన్ని ఒక్క ఇంట్లోనే ఉంచరు. నా అంచనా తప్పకపోతే పక్కింటి డాబా మీద ఆ పాదు ఈపాటికి పూత మీద ఉంటుంది. రథసప్తమికి నాలుగు ఆకులు అడిగి తెచ్చుకోండి. ఆవిడను పంపకండి, మీరే వెళ్లండి.