దొర కట్టాడా, మన తాత కట్టాడా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒంగోలుకి దగ్గర్లో చిన్న ఊరు. మా పల్లెలోని బాప్టిస్టు గుడికి వందేళ్ళ పండగ చేద్దామని అందరం కూర్చుంటే పేచీ మొదలైంది. పునాది రాయి మీద 1926 అని ఉంది. మా నాయనమ్మేమో వాళ్ళ అత్తగారి పెళ్ళి అంతకు చాలా ముందే ఆ గుళ్ళోనే జరిగిందంటుంది. కట్టించింది క్లౌ దొర అని కొందరు, స్థలం ఇచ్చింది మా తాత అని ఇంకొందరు. ఇప్పుడు శిలాఫలకం మీద ఏం చెక్కించాలి? పాత కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: ముందు తేలిక ముడి విప్పేద్దాం. ఒంగోలు వైపు పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1910లోనే చనిపోయారు, కాబట్టి 1926 నాటి గోడలు ఆయన కట్టించినవి కావు. అలాగని ఆ మాటన్న పెద్దల్ని తీసిపారేయకండి. మనవైపు ముసలివాళ్ళకి గుర్రమెక్కి వచ్చిన తెల్లదొర ఎవరైనా క్లౌ దొరే, పైగా వాళ్ళు చెప్తున్నది గోడల గురించి కాకుండా సంఘం గురించి అయ్యుండొచ్చు. రాయి చెప్పేది గోడల వయసు. అంతకుముందు అక్కడే మట్టిగోడల పాకో, పగలు బడి సాయంత్రం ప్రార్థన జరిగే కొట్టమో ఉండి ఉంటుంది, మన పల్లెల్లో చాలా గుళ్ళు అలా మొదలైనవే. మీ నాయనమ్మ మాట నాకైతే నమ్మబుద్ధేస్తోంది.

ఇక దొరా తాతా అన్న గొడవ. ఒంగోలు కథే చూడండి. క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో, అక్కడ సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న, సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో తలకొండపాడు దగ్గర 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంత తొందరగా ఎలా కుదిరింది? యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు కబురు విని, తిరిగొచ్చి తన వాళ్ళకి చెప్పుకుంటూ తిరిగి, దొర వచ్చేసరికి మనుషుల్ని సిద్ధంగా ఉంచాడు కాబట్టి. దొరలు తమ దేశానికి రాసుకున్న ఉత్తరాలు అచ్చయ్యాయి, పేరయ్య లాంటివాళ్ళు కాలినడకన చేసిన పని చాలావరకు నోటిమాటగానే మిగిలింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూడు కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకుండా ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరోజు నీళ్ళలో దిగి ముంచింది మన తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, మొత్తం ఆరుగురు. దొర దిగలేదు!

మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 1880ల మొదట్లో ఒంగోలు సంఘం లెక్కలో ఇరవై వేలకు పైగా సభ్యులు ఉండేవారు. ఇంతమందీ ఒక్క ఊళ్ళో కూర్చునేవాళ్ళు కాదు కదా, చుట్టుపక్కల పల్లెల వాళ్ళందర్నీ ఒంగోలు ఖాతాలోనే రాసుకునేవారు. కాబట్టి మీ ఊరి పేరుతో విడి రిజిస్టరు దొరకలేదని టెన్షన్ పడకుండా ఒంగోలు పుస్తకాల్లో మీ ఊరి పేరు వెతకండి. ఇంకో తిరకాసు జిల్లా పేరు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, తర్వాత 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. ప్రకాశం అని వెతికితే పాతవి ఒక్కటీ తగలదు.

స్థలం సంగతి తేలాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు తీయించండి. అందులో క్లౌని పంపిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ పేరు ఉంటే దాదాపు 1910కి ముందుదని లెక్క, ఆ ఏడాదే వాళ్ళు ఫారిన్ మిషన్ సొసైటీగా పేరు మార్చుకున్నారు. ఇచ్చినవారి పేరు ఆ కాగితంలో ఉంటే మీ తాత గొడవ కూడా అక్కడే తీరిపోతుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం వల్ల పెళ్ళిళ్ళు రాసి ఉంచడం తప్పనిసరి, అందుకే బాప్తిస్మం పుస్తకం చెదలు తిన్నచోట కూడా పెళ్ళిళ్ళ పుస్తకం దొరకొచ్చు. మీ నాయనమ్మ చెప్పిన పెళ్ళి దగ్గరే మొదలెట్టండి. మిషన్ వాళ్ళ పాత కాగితాలు అమెరికాలో అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి, అక్కడ మీవాళ్ళ పిల్లలెవరైనా ఉంటే ఒక సెలవురోజు వాళ్ళకి పని చెప్పండి.

శిలాఫలకం మీద "ఈ కట్టడం 1926" అని మాత్రం చెక్కించి, కింద రెండు వరుసల జాగా ఖాళీగా వదలండి. దాత పేరు కాగితం దొరికాక. పాకలో పాఠం చెప్పిన ఉపదేశి పేరు, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీ పేరు కూడా అడిగి తెలుసుకోండి, వీళ్ళని ఎవరూ రాయరు. నాయనమ్మ చెప్పేది ఈ వారమే ఫోన్లో రికార్డు చేయండి, రాయి వచ్చే ఏడాదైనా చెక్కించొచ్చు.

ప్రశ్న: మా ఊరి గుళ్ళో పెద్దయ్యాకే నీళ్ళలో ముంచుతారు. మెదక్ దగ్గర మా చెల్లెల్ని ఇచ్చిన ఊళ్ళో చంటిబిడ్డకే నీళ్ళు చల్లారు. ఎందుకీ తేడా?

జవాబు: మెదక్ వైపు పనిచేసింది వెస్లియన్ మెథడిస్టులు. వాళ్ళూ, ఆంగ్లికన్లూ, అప్పటికే కలిసిపోయిన సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వాళ్ళూ ఏకమై 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) అయ్యారు. బాప్టిస్టులు అందులో చేరలేదు. తెలిసి నమ్మినవాళ్ళకే బాప్తిస్మం, ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే అన్నది వాళ్ళ పట్టు, బిషప్పుల పద్ధతి దానికి పొసగదు. గుంటూరు లూథరన్లూ చేరలేదు, కానీ వాళ్ళు పసిపిల్లలకే ఇస్తారు. అందుకే పాత పుస్తకాల్లో వెతికేవాళ్ళకి ఒక మాట: లూథరన్, సీఎస్ఐ రిజిస్టర్లలో బాప్తిస్మం తేదీని బట్టి పుట్టిన ఏడాది దాదాపుగా పట్టుకోవచ్చు, బాప్టిస్టు రిజిస్టరులో అలా లెక్కేస్తే మీ ముత్తాత వయసు పదిహేను ఇరవై ఏళ్ళు తగ్గిపోతుంది.